తంగేడు పూలకు కట్టిన దారాలు

పరిశోధన క్షేత్రంలో పనికి కొత్తగా చేరే ఆడపిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎండ గురించే. "అక్కా, గంత ఎండల ఎట్ల జేసినవే?" అంటారు. తలకు తువ్వాల చుట్టుకోండి, దప్పిక కాకముందే నీళ్లు తాగండి అని చెబుతాను. ఎండ గురించి నాకు తెలిసింది అంతే. ఎండకు ఒళ్లు అలవాటు పడుతుంది. ఒకచోట కదలకుండా కూర్చుని ఒక మొక్కను చూస్తూ ఉండడం మాత్రం అంత తొందరగా అలవాటు కాదు. నడుం నొప్పి పుట్టి, నిద్ర వచ్చి, మనసు ఇంట్లో పొయ్యి దగ్గరికి పోతుంది. దాన్ని మళ్లీ మొక్క దగ్గరికి తెచ్చుకోవడమే మా పని. తక్కినదంతా దాని తర్వాతే.

నేను పదవీ విరమణ చేసి కొన్నేళ్లయింది. జీతం ఎంత పెరిగింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అన్నవి రాయను. అవి ఎక్కడైనా ఒక్కటే. ఈ పని నాకు నిజంగా ఎప్పుడు అర్థమయిందో అది రాస్తాను.

మా పని

మా ఊరు లక్డారం వైపు. పటాన్‌చెరు, సంగారెడ్డి మధ్య అప్పుడు ఫ్యాక్టరీలు వరుసగా లేస్తున్నాయి. మా ఇళ్లలో మగవాళ్లు వాటిలోకి పోయారు. నేను మా పక్కనే ఉన్న పరిశోధన క్షేత్రంలో కలుపు తీసే కూలిగా చేరాను. ఆ క్షేత్రం పేరు ఇక్కడ అవసరం లేదు. కొన్నేళ్లకు నన్ను ఫీల్డ్ అసిస్టెంట్ చేశారు. ఏ మొక్కకు ఏ చీటీ కట్టాలి, ఏ పువ్వుకు సంచి తొడగాలి, ఏ వరుసలోకి మేకలు రాకూడదు, ఇవన్నీ మా పనులు.

వానాకాలం వచ్చిందంటే విదేశాల నుంచి కాలేజీ పిల్లలు వచ్చేవారు. వాళ్ల చదువులో వేడి దేశాల చెట్లు, పురుగుల గురించి ఒక భాగం ఉంటుందట. దాని కోసం ఒక్కొక్కరు ఒక్కో కాలం ఇక్కడ గడిపేవారు. వాళ్లకు తోడుగా మాలో ఒకరిని వేసేవారు. అన్ని రకాల వాళ్లనూ చూశాను. గొంగళిపురుగును చూసి కేక పెట్టి, వారం తిరిగేసరికి దాన్నే అరచేతిలో పెట్టుకుని తిరిగిన వాళ్లున్నారు. మొదటి రోజే అన్నీ తెలిసినట్టు చెప్పులు విడిచి పొలంలోకి దిగి పల్లేరు ముళ్లు గుచ్చుకున్న వాళ్లున్నారు. వాళ్లను చూసి భయపడకండి, మురిసిపోకండి. ఇంటి మీద బెంగతో ఉన్న పిల్లలు వాళ్లు. ఆ బెంగ తగ్గితే పని బాగా చేస్తారు.

మా మీద సూపరింటెండెంటు సారు ఉండేవారు. ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి. చూడనిదాన్ని చూశామని ఎవరు చెప్పినా ఊరుకునేవారు కాదు. "సూసినవా? అనుకున్నవా? రెండిట్ల ఏదో ఒక్కటి జెప్పు" అనేవారు. ఆ ఒక్క మాటకు నేను ఆయనకు దండం పెడతాను. అయితే ఆయన లెక్కలో క్షేత్రం ప్రహరీ గోడతో ఆగిపోయేది. గోడ అవతలి మనుషుల గురించి మాత్రం ఆయన ఎప్పుడూ అనుకున్నదే చెప్పేవారు, చూసింది చెప్పేవారు కాదు.

అక్షరాలు

నేను బడికి పోలేదు. నాకు నలభై దాటాక గోదాములో పనిచేసే ఒక పెద్దమనిషి మధ్యాహ్నం అన్నాల వేళ గోనెసంచి మీద సుద్దముక్కతో రాసి నేర్పించాడు. అందులో ఒక తమాషా ఉంది. మొక్కల చీటీల మీద ఇంగ్లిషు అక్షరాలే ఉండేవి కాబట్టి ముందు అవే నేర్చుకున్నాను. ఆర్ అంటే వరుస, పి అంటే మడి అని తెలిసింది కానీ నా పేరు సత్తెమ్మ అని రాసుకోవడం తర్వాత ఎప్పటికో వచ్చింది.

ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లం ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చదువుతాం. కొత్త పిల్లలు నవ్వుతారు. మీరు చీటీని చూసీచూడగానే చదివేస్తారు. ఆరు అని ఉన్నచోట తొమ్మిది చదివి తప్పుడు మొక్కను కోసేది కూడా మీరే. నెమ్మదిగా చదవడానికి సిగ్గుపడకండి.

ఇంగ్రిడ్

ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. శ్రావణంలో నార్వే నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు ఇంగ్రిడ్. వాళ్ల ఊళ్లో చలికాలం పగలు కూడా పొద్దు పైకి రాదట. మా కూలి ఆడవాళ్ల నోట ఆ పేరు ఒక్కరోజు కూడా నిలవలేదు. సాయంత్రానికే ఆమె ఇంగువమ్మ అయింది.

ఆమె ఇక్కడికి రాకముందు పుస్తకం పెట్టుకుని తెలుగు నేర్చుకుంది. మొదటి రోజు మా ఆడబిడ్డ మల్లమ్మతో, "నమస్కారమండీ, మీరు కుశలమేనా?" అంది. మల్లమ్మ వదినె కలుపు కొడవలి కింద పెట్టి నా వైపు చూసింది.

"ఏందే సత్తెమ్మా, గీ పోరి పెండ్లి పత్రిక సదివినట్టు మాట్లాడుతది?"

ఇంగ్రిడ్ కూడా నవ్వింది. ఆ రోజు నుంచి మల్లమ్మను పెద్దమ్మా అని, నన్ను అక్కా అని పిలిచింది.

మిగతా విద్యార్థులు జొన్న, కంది, శనగ మీద పనిచేసేవారు. ఇంగ్రిడ్ తంగేడు మీద పనిచేయడానికి వచ్చింది. తంగేడు మాకు గట్ల మీద, బీళ్లలో దానంతట అదే మొలిచే పొద. మేకలు కూడా మూతి పెట్టవు. బతుకమ్మ వచ్చినప్పుడు తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆమె దాని ముందు కూర్చుని రోజంతా చూసేది.

ఆమె చెప్పింది నాకు అర్థమైన మేరకు రాస్తాను. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి ఉంటుంది కానీ అది సన్నటి గొట్టాల్లో మూసుకుని ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఒళ్లంతా అదిరించి ఒక చప్పుడు చేస్తుంది. అప్పుడే గొట్టాల చివర నుంచి పుప్పొడి రాలుతుంది. అది ఇంకో పొద పువ్వుకు అంటుకుంటే కాయ అవుతుంది. మా వైపు చేలు ప్లాట్లవుతున్నాయి, బీళ్లలో ఫ్యాక్టరీలు వస్తున్నాయి. ముక్కలు ముక్కలుగా మిగిలిన తంగేడు పొదల దాకా తుమ్మెదలు వస్తున్నాయా, లేదా? అదీ ఆమె తెలుసుకోవాలనుకున్నది.

దానికి ఆమె ఎంచుకున్న పద్ధతి చూడడానికి పిల్లల ఆటలా ఉండేది. క్షేత్రం వెనక గోడకు, ఊరికి మధ్య ఉన్న బీట్లో కొన్ని పొదలు ఎంచుకుంది. కొన్ని పూలకు ఎర్రదారం కట్టింది. వాటిని తుమ్మెదలకే వదిలేసింది. కొన్నిటికి నీలం దారం కట్టి, దోమతెర గుడ్డతో నేను కుట్టిచ్చిన సంచులు తొడిగింది, ఏ పురుగూ వాలకుండా. కొన్నిటికి తెల్లదారం. ఆ తెల్లదారం పూలకు తుమ్మెద పని తనే చేసేది. సంగీతం వాళ్లు వాడే ఇనుప శృతిదండాన్ని చెప్పు మడమకు కొట్టి పువ్వుకు ఆనించేది. గుయ్యిమని అదిరి పసుప్పచ్చటి పొడి లేచేది. దాన్ని కుంచెతో తీసి ఇంకో పొద పువ్వుకు అద్దేది.

కూలికి వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద నిలబడి చూసేవారు.

"ఓ సత్తెమ్మా, పువ్వుకు చెవుడేమన్న వచ్చిందా ఏంది? పరీక్ష జేస్తున్నది!"

"చెవుడు గాదు, జ్వరం. థర్మామీటర్ పెట్టింది సూడు!"

ఇంగ్రిడ్ తల ఎత్తకుండానే, "మీరు దయచేసి నవ్వండి, పువ్వుకు ఇబ్బంది లేదు" అనేది. దానికి ఇంకా నవ్వేవారు.

ఒకరోజు అన్నం తింటూ నాతో అంది. వాళ్ల కాలేజీలో ఒక పంతులు, ఇంత దూరం పోయి ఏదో పొదను చూడడం దండగ, ఇక్కడే ఏదో ఒక ఈగను చూసుకో అన్నాడట. ఆమె పట్టుబట్టి వచ్చింది. వాళ్లు పంపేది ఒక్కసారే. ఈ ఒక్క పూత కాలంలో తేలకపోతే డిగ్రీకి ఇంకేదో రాసిస్తుంది కానీ, ఈ దారి మాత్రం ఆమెకు మూసుకుపోతుంది. "నాకు ఇది చాలా ముఖ్యము అక్కా" అంది. పుస్తకం మాటే, అయినా ఆమె గొంతు విన్నాక నాకు నవ్వు రాలేదు.

ఎంగిలిపూల నాడు

భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ. తొమ్మిది రోజుల పండుగకు అది మొదటి రోజు. పూలు ముందురోజే తెంపి నీళ్లు చల్లి పెట్టుకుంటాం. ఆ ముందురోజు ఇంగ్రిడ్ వీసా పని మీద హైదరాబాదుకు పోయింది, అమావాస్య మధ్యాహ్నం దాటాకే తిరిగి వచ్చింది. నన్ను సారు కందిచేనుకు పంపారు. బీట్లో ఎవరూ లేరు.

అమావాస్య సాయంత్రం ఇంగ్రిడ్ ఉండే గెస్ట్ హౌసు ముందుకు మా ఆడవాళ్లు బతుకమ్మతో వచ్చారు. కొత్త చీరలు, తలల్లో పూలు. అందరికంటే ముందు మల్లమ్మ వదినె, నెత్తి మీద సిబ్బి. వెదురు సిబ్బిలో వరుసలు వరుసలుగా గునుగు, బంతి, మళ్లీ గునుగు. అన్నిటికంటే పైన పసుపు గౌరమ్మ చుట్టూ తంగేడు. ఆ తంగేడు పూలకు దారాలు ఉన్నాయి. ఎర్రవి, నీలివి, తెల్లవి.

నేను గబగబా ఇంగ్రిడ్ పక్కకు పోయి నిలబడ్డాను.

"సూడు బిడ్డా," అంది వదినె సిబ్బి దించి. "నీ పూలే!"

ఇంగ్రిడ్ వంగి చూసింది. ఒక తెల్లదారాన్ని వేలితో ముట్టుకుంది.

"ఇవి ఏ పొదల నుంచి, పెద్దమ్మా?"

"నీ పొదలే. ఇంకేడివి? పాపం, దూరదేశం నుంచి ఒంటిగ వచ్చి, ఎండల కూసోని, ఒక్కొక్క పువ్వుకు మొక్కు కట్టుకుంటివి. మొక్కిన పువ్వు అమ్మకు ముట్టకుంటే ఎట్ల? ఒక్కటి సుత ఇడువకుంట తెంపినం. దారం ఊడకుంట పైపైన తెంపినం."

వెనక నుంచి ఇంకొకామె ముందుకు వచ్చి ఒక మూట ఇచ్చింది. నేను కుట్టిన దోమతెర సంచులు. ఉతికి, ఆరేసి, మడత పెట్టి తెచ్చారు. "కరాబైతయని తీసి పెట్టినం" అంది.

మా దగ్గర దర్గా చెట్టుకైనా, గుడి ముందు చెట్టుకైనా దారం కడితే అది మొక్కే. కోరిక తీరాలని కడతారు. ఇన్ని రోజులుగా వాళ్లు నవ్వింది శృతిదండాన్ని చూసి. దారాలను చూసి ఎవరూ నవ్వలేదు. ఈ అమ్మాయి ఏదో పెద్ద కోరికతో ఉందని, అది అడగకూడదని, వాళ్లలో వాళ్లే అనుకుని ఊరుకున్నారు.

ఇంగ్రిడ్ నా వైపు చూసింది. అన్ని రోజుల పని ఆ సిబ్బిలో ఉంది. ఆమె ముఖం తెల్లబడింది, మళ్లీ ఎర్రబడింది. తర్వాత రెండు చేతులూ జోడించింది.

"పెద్దమ్మా, చాలా అందంగా ఉన్నది" అంది.

ఆ సాయంత్రం ఆమె వాళ్లతో కలిసి ఆడింది. చప్పట్లు ఒక్కటీ తాళానికి పడలేదు. చెరువులో వదిలినప్పుడు దారాలతో సహా పూలు తేలుకుంటూ పోతుంటే అందరికంటే ఎక్కువసేపు ఒడ్డున నిలబడింది. "మస్తు మొక్కు మొక్కింది పోరి" అని ఆడవాళ్లు మెచ్చుకున్నారు.

బోర్డు

తెల్లవారి సారుకు తెలిసింది. బీట్లోకి వచ్చి బోడిగా ఉన్న పొదలను చూసి అరిచారు.

"నేను ఎన్నేండ్ల సంది జెప్తున్న? గీ ఆడోళ్లే తెంపి తెంపి తంగేడు లేకుంట జేసిండ్రు. ఇయ్యాల్నే బోర్డు పెట్టిస్త, బీట్ల కాలు వెడితే ఫైన్ అని."

మల్లమ్మ వదినె కలుపు దగ్గర నుంచి అంతా వింది. అప్పటిదాకా ఆమెకు తను చేసిన పని తెలియదు. నన్ను పక్కకు లాగి అడిగింది. దారాలు ఎందుకో చెప్పాను. ఆమె గట్టు మీద కూలబడింది.

"మరి నిన్న గా పోరి ఒక్క మాటన్న అనకపాయె?"

"ఏమంటది వదినె, మీరు అంత ప్రేమతోని తెస్తే?"

"ముందుగాల నువ్వు జెప్పొద్దా దారం సంగతి?"

"నువ్వు అడిగితివా?"

వదినె అడగలేదు, ఇంగ్రిడ్ చెప్పలేదు. ఎందుకంటే ఇద్దరికీ అది చెప్పనక్కర లేనంత తెలిసిన సంగతి. ఇక్కడ ఒక మాట కొత్తవాళ్లకు చెప్పాలి. మీరు చేలో ఏ గుర్తు పెట్టినా, ఆ దారిన నడిచే మనుషులు దాన్ని తమకు తెలిసిన విధంగా చదువుకుంటారు. మీరు చదివి వినిపించకపోతే తప్పు వాళ్లది కాదు.

ఇంగ్రిడ్ వచ్చింది. సారుతో బోర్డు వద్దంది. ఇంకెక్కడైనా మొగ్గ మీద ఉన్న తంగేడు ఉందా అని నన్ను అడిగింది. ఉంది. మూతపడిన ఒక ఫ్యాక్టరీ వెనక, వాగు ఒడ్డున ఒక పెద్ద గుంపు ఉంది. నీడ పడుతుంది కాబట్టి ఆలస్యంగా పూస్తుంది. కానీ అది ఊరి ఆడవాళ్లందరూ సద్దుల కోసం దాచుకున్న తంగేడు. చివరి రోజు సద్దుల బతుకమ్మే అన్నిటికంటే పెద్దది. ఎవరి వాడ బతుకమ్మ ఎంత ఎత్తు అన్నది మళ్లీ ఏడాది దాకా చెప్పుకుంటారు. ఆ పూలు అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇంగ్రిడే అడిగింది. ఈసారి దారం ఎందుకో, సంచి ఎందుకో మొదటి నుంచి చివరి దాకా చెప్పి అడిగింది.

"గవి గూడ నీకే ఇయ్యాల్నా?" అంది మల్లమ్మ వదినె. "సద్దులకు అమ్మకు ఏం బెడుదుం? కాగితం పూలా?"

"తంగేడు లేకుంట బతుకమ్మ ఏంది వదినె, పక్క వాడోళ్లు నవ్వరా?" అంది ఇంకొకామె.

ఇంగ్రిడ్ తల వంచుకుంది. "అవును. అది మీ పండుగ. వద్దంటే నేను ముట్టను" అంది.

వదినె ఆమె చేతిలోని శృతిదండం లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. గట్టు మీద మిగిలిన ఒక్క పువ్వుకు ఎట్లా ఆనించాలో చూపించమంది. ఇంగ్రిడ్ ఆమె చేయి పట్టుకుని చూపించింది. గుయ్యిమని పొడి లేచి వదినె గోళ్ల మీద పడింది. ఆ పొడిని బొటనవేలితో రుద్ది చూసింది.

"ఒక మాట చెప్పు బిడ్డా. సారు అన్నడు గదా, మేం తెంపబట్టే తంగేడు పోతున్నదని. నా చిన్నప్పుడు ఇంటిముంగటనే ఉండె. ఇప్పుడు వాగు దాక నడువాలె. నాకు సుత మనసుల పీకుతది, మేమేనా అని. గా సంగతి నీ దారాలు చెప్తయా?"

ఇంగ్రిడ్ వెంటనే అవును అనలేదు. "కొంచెము చెప్తాయి. అంతా చెప్పవు" అంది.

"అయితే గా పూలు ఇడుస్తం. గాని జవాబు సారుకు జెప్పుడు గాదు. మాకు జెప్పాలె. మా ముంగట నిలవడి."

ఆడవాళ్లు గొడవ పెట్టారు. వదినె వినలేదు. "గునుగున్నది, బంతి కొందాం. తంగేడు ఒక్క వరస జాలు. మా చిన్నోడు బండి మీద కొండాపూర్ దిక్కు పోయి తెస్తడు" అంది.

సద్దుల రోజు

వాగు ఒడ్డు పొదలకు మళ్లీ దారాలు కట్టాం. పండుగ దగ్గరపడే కొద్దీ భయం పెరిగింది. పటాన్‌చెరు అంగట్లో, కిష్టారెడ్డిపేట అపార్టుమెంట్ల దగ్గర తంగేడు పూలు కుప్పలు పోసి అమ్ముతారు. ఆ పూలు ఎక్కడివో కొనేవాళ్లకు తెలియదు. ఎక్కడ పచ్చగా కనబడితే అక్కడ బస్తాలతో వచ్చి తెంపుకుపోతారు.

సద్దుల రోజు పొద్దున ఇంగ్రిడ్, నేను వాగు దగ్గరికి పోయేసరికి మల్లమ్మ వదినె అప్పటికే అక్కడ ఉంది. పొదల ముందు బండ మీద కర్ర పట్టుకుని, కొంగు నెత్తి మీదకు కప్పుకుని కూర్చుంది. ఇంట్లో సద్దులు కలపాలి, సత్తుపిండి చేయాలి. అవన్నీ కోడలికి వదిలి వచ్చింది.

కాసేపటికి ఇద్దరు పిల్లగాండ్లు బండి మీద వచ్చారు. వెనక ఖాళీ బస్తాలు. పొదలను చూసి వాళ్ల కళ్లు మెరిశాయి.

"అవ్వా, జెర జరుగు."

"ఏందిరో, జరుగుడు? దారాలు కనవడ్తలేవా?"

"ఏం దారాలు?"

"మొక్కు దారాలు! పొద పొదకు కట్టి ఉన్నయి సూడు. ఎర్రది కండ్లకు, నీలిది కాళ్లకు, తెల్లది పెండ్లికి. మొక్కిన పువ్వు తెంపి అమ్ముకుంటవా? తెంపు. ఏది వోతదో నువ్వే సూసుకో."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు తెల్లదారం వైపు చూసి బండి తిప్పాడు. "వద్దురా భై, పోదాం పా" అన్నాడు.

వాళ్లు పోయాక ఇంగ్రిడ్ అడిగింది. "పెద్దమ్మా, మీరు అబద్ధము చెప్పారా?"

"అబద్ధమేంది? నీ మొక్కు గాదా ఇది?" అంది వదినె.

ఇంగ్రిడ్ దగ్గర్లోని ఒక తెల్లదారం ముడి బిగించింది. తర్వాత "అవును" అంది.

ఆ సాయంత్రం మా వాడ బతుకమ్మ పొట్టిదే. పక్క వాడ ఆడవాళ్లు ఊరుకోలేదు. "ఏంది మల్లమ్మక్కా, మీ బతుకమ్మకు పాలు సాల్లేదా, పెరగనే లేదు?" అన్నారు. వదినె నవ్వి ఊరుకుంది. ఆమె అట్లా మాట పడడం నేను అంతకు ముందు చూడలేదు.

జవాబు

పూత రాలింది. కార్తీకంలో కాయలు కట్టాయి. ఇంగ్రిడ్ వెళ్లిపోయే ముందు, ఇచ్చిన మాట ప్రకారం, మల్లమ్మ వదినె కొట్టంలో అందరి ముందు నిలబడింది. కూలి ఆడవాళ్లంతా వచ్చారు. సారు కూడా ఎందుకో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

సంచి తొడిగిన నీలం దారాలకు కాయ లేదు. అది అందరూ అనుకున్నదే. శృతిదండంతో చేసిన తెల్లదారాలు గుత్తులుగా కాశాయి. ఎర్రదారాలు, అంటే ఎవరూ తెంపని, తుమ్మెదలకే వదిలిన పూలు, అక్కడొకటి ఇక్కడొకటి తప్ప ఉత్తవే.

"అంటే అక్కడ పొదలు బాగున్నాయి. పుప్పొడి బాగున్నది. తుమ్మెదలు చాలడం లేదు" అంది ఇంగ్రిడ్.

ఆడవాళ్లలో కదలిక వచ్చింది. వదినె గడ్డం ఎత్తింది.

"మేం తెంపని పూలు గూడ కాయలేదు. అంటే మా తప్పు లేదన్నట్టే గదా?"

ఆ మాటకు అవును అంటే సరిపోయేది. అంతమంది ఆ మాట కోసమే పండుగ పూలు వదిలారు. నేను కూడా మనసులో అనమ్మా, అను అనుకున్నాను. ఇంగ్రిడ్ తల అడ్డంగా ఊపింది.

"అది నాకు తెలియదు పెద్దమ్మా. తెంపిన పువ్వు కూడా కాయ కాదు కదా. మీరు తెంపడం వల్ల ఎంత పోయిందో నేను చూడలేదు. నేను చూసింది ఒక్క చోటు, ఒక్క పూత. అక్కడ మీరు తెంపకపోయినా కాయలు రాలేదు. అంత వరకే నాకు తెలుసు. మిగిలినది చెప్తే నేను అనుకున్నది చెప్పినట్టు."

సారు గుమ్మం దగ్గర నేల చూస్తూ ఉన్నారు. ఆ మాట ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

వదినె నోట్లో తమలపాకు ఒక చెంప నుంచి ఇంకో చెంపకు మార్చింది.

"సారు ఉత్తగనే మేమే అన్నడు. గీమె ఉత్తగనే మేం గాదు అంటలేదు" అంది మెల్లగా. "ఇగ గీమె మాట నమ్మొచ్చు."

తర్వాత అడిగింది. "మరి తుమ్మెదలేడ వోయినయ్?"

"ఎండిన కట్టెలో బొరియ చేసుకుని ఉంటాయి. పాత దుంగలు, మోడులు. అవి లేకపోతే..." ఇంగ్రిడ్ మాట ఆపి పైకి చూసింది. కొట్టం నడిమి దూలంలో వేలు పట్టేంత గుండ్రటి బొరియలు. వాటి కింద నేల మీద సన్నటి కట్టెపొడి. లోపల నుంచి గుర్రుమనే చప్పుడు.

ఆ దూలం వదినె అత్తగారి కాలం నాటిది. ఏటా ఆ బొరియలకు డాంబరు పూసేవారు. సంక్రాంతి లోపల దాన్ని పీకేసి ఇనుప పైపులు, రేకులు వేయాలని కొడుకు సామాను కూడా తెచ్చిపెట్టాడు. ఊళ్లో అందరి కొట్టాలూ అప్పటికే ఇనుమువైపోయాయి. మా క్షేత్రంలో ఎండిన చెట్టు కనబడితే సారు వెంటనే కొట్టించేవారు, శుభ్రంగా ఉండాలని. అదంతా ఆ క్షణంలో మా అందరికీ ఒకేసారి తోచింది.

ఇప్పుడు

ఇంగ్రిడ్ తన చదువు పుస్తకంలో మొదటి పొదలు ఎట్లా పోయాయో దాచకుండా రాసిందని ఫోన్‌లో చెప్పింది. దాని మీదే పంతుళ్లు ఆమెను ఎక్కువ ప్రశ్నలు అడిగారట. పాసయింది. ఇప్పుడు ఇంకో వేడి దేశంలో తుమ్మెదల మీదే పనిచేస్తోంది. అక్కడ దారం కట్టే ముందు ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టి చెబుతుందట.

సారు బోర్డు పెట్టలేదు. నేను విరమణ చేసే నాటికి క్షేత్రం చివర రెండు మోడులను కొట్టకుండా వదిలారు. ఎందుకు వదిలారో ఎవరికీ చెప్పలేదు.

వాగు ఒడ్డున ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు. తంగేడు కొంత పోయింది, కొంత ఉంది. ఏటా ఎంగిలిపూలకు ముందు మల్లమ్మ వదినె అక్కడికి పోయి మిగిలిన పొదల్లో కొన్నిటికి ఎర్రదారం చుట్టి వస్తుంది. ఆ పూలు ఎవరూ తెంపరు. కొత్తగా కట్టిన కాలనీ ఆడవాళ్లు కూడా వాటికి దూరంగా నడుస్తారు.

మొన్న ఒకామె మా వదినె ఇంటికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆమె ఆ దారాల గురించి అడిగింది.

"అవ్వా, గా వాగు కాడ దారాలు నువ్వే కడతవటగా? ఏ దేవుని మొక్కు?"

వదినె చేట పక్కన పెట్టింది. కొడుకు వేయించిన ఇనుప కొట్టంలో, రెండు పైపుల మధ్య ఏ బరువూ మోయకుండా కట్టి ఉంచిన పాత దూలం వైపు గడ్డం చూపించింది. దాని బొరియల కింద తెల్లటి కట్టెపొడి రాలి ఉంది. కోడలు పొద్దునే ఊడ్చింది. మళ్లీ రాలింది.